ఉప్పు గాలిలో రాళ్లు తేలిన దారి

నెల్లూరు తీరంలో మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఉప్పు గాలి సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. గేటు బందులు తొందరగా తుప్పు పడతాయి. సన్‌షేడ్ల కింద సిమెంటు పెచ్చులూడి లోపలి కమ్మీ కనిపిస్తుంది. గేటు నుంచి పోర్టికో దాకా పరిచిన పార్కింగ్ టైళ్లలో కొన్ని, కాలితో తడితే బోలుగా మోగుతాయి. టైలు వద్దు, మామూలు సిమెంటు నేల చూడబుద్ధి కాదు అనుకునేవాళ్లకు ఒక మంచి దారి ఉంది. ఇంజనీర్లు దాన్ని ఎక్స్‌పోజ్డ్ ఎగ్రిగేట్ కాంక్రీటు అంటారు. మన మాటల్లో చెప్పాలంటే రాళ్లు తేలిన కాంక్రీటు.

కాంక్రీటు పోసి చదును చేయగానే సిమెంటు పాలు పైకి తేలతాయి. మామూలుగా ఆ పొరనే తాపీతో నున్నగా రుద్ది వదిలేస్తాం. ఈ పద్ధతిలో ఆ పొర పూర్తిగా గట్టిపడకముందే నీళ్లతో, బ్రష్షుతో కడిగేస్తాం. అప్పుడు రాళ్ల తలలు బయటపడతాయి. ఇందులో లాభం మూడు విధాలు. పైకి తేలే పొరే కాంక్రీటులో బలహీనమైనది, అది పోతుంది. కారు చక్రాల రాపిడి నేరుగా రాయి మీద పడుతుంది. కనిపించే రంగు రాయిదే కాబట్టి ఎండకు వెలిసిపోదు. పైగా వానలో కాలు జారదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మెరీడియన్ హిల్ పార్కు గోడలను, మెట్లను జాన్ ఎర్లీ అనే హస్తకళాకారుడు వందేళ్ల కిందటే ఇలా గులకరాళ్లు కనిపించేలా తీర్చిదిద్దాడు. ఆయన పనితనమంతా రాయిని ఏరుకోవడంలో, కడిగే వేళను పట్టుకోవడంలో ఉంది. మనమూ నేర్చుకోవలసినవి ఆ రెండే. సముద్రపు ఒడ్డున ఉన్నాం కాబట్టి మూడోది కూడా ఉంది, ఉప్పును దూరంగా ఉంచడం.

రాయి ఎక్కడిది?

రాయి కోసం మనం దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులున్న పట్టీలో తెల్ల పలుగురాయి దొరుకుతుంది. క్రషర్లలో నల్ల, బూడిద రంగు చిప్స్ ఉంటాయి. ఇంటి పనిలో పూతకోసం పెన్నా ఇసుక జల్లించినప్పుడు పక్కన మిగిలే గులకరాళ్ల కుప్పను కూడా పారేయకండి. కడిగి, ఒకే సైజువి ఏరితే అవీ ఇందులోకి పనికొస్తాయి.

సైజు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. రాయిలో మూడో వంతుకు మించి బయటికి రాకూడదు. అంతకంటే ఎక్కువ తేలితే చక్రం తిరిగినప్పుడు ఊడి వస్తుంది. పెంకుల్లా పలచగా ఉన్న రాళ్లకు పట్టు ఉండదు, వాటిని తీసేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు కాబట్టి క్రషర్ చిప్స్ కంటే అంచులు అరిగిన గులకరాళ్లు నయం. అంతా తెల్ల పలుగురాయే వేస్తే మే నెల ఎండకు కళ్లు చెదురుతాయి, టైరు మరకలూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గోధుమ, బూడిద రంగు రాళ్ల మధ్య తెలుపు కొద్దిగా కలిస్తే కంటికి హాయి.

అభ్రకం ఉన్న నేల నుంచి వచ్చే ఇసుకతో ఒక జాగ్రత్త కావాలి. ఎండలో పట్టి చూసినప్పుడు మరీ మిలమిలలాడుతుంటే అందులో అభ్రకం రేకులు ఎక్కువున్నట్టు. అవి నీళ్లు ఎక్కువ అడుగుతాయి, సిమెంటు పట్టును తగ్గిస్తాయి. అలాంటి ఇసుక వద్దు.

ఉప్పు ఎలా వస్తుంది?

ఉప్పు మూడు దారుల్లో వస్తుంది. ఇసుకతో, నీళ్లతో, నేల కింద నుంచి. బీచ్ ఇసుక ఎంత తెల్లగా, సన్నగా ఉన్నా వాడకూడదు. తీరం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, ఇనుము లేని కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇనుము ఉంటే హద్దు 500 మాత్రమే. పని మొదలు కాకముందే ఒక సీసా నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించండి. బోరు నీళ్లు పరీక్షలో నెగ్గకపోతే మంచినీళ్ల ట్యాంకరు తెప్పించండి. కలపడానికే కాదు, కడగడానికి, తడపడానికి కూడా ఆ నీళ్లే వాడాలి.

ఈ రెండు హద్దుల మధ్య తేడా మనకు ఇంకో మాట కూడా చెబుతోంది. ఇనుము లేకపోతే ఉప్పుతో పేచీ తగ్గుతుంది. ఇంటి కారు తిరిగే దారికి, కింద పునాది గట్టిగా ఉండి నాలుగైదు అంగుళాల మందం పోస్తే, కమ్మీ లేకుండానే సరిపోతుంది. బీటలు ఎక్కడ పడాలో మనమే గీతలు కోసి నిర్ణయిస్తాం. నాలుగంగుళాల మందానికి ప్రతి 8 నుంచి 10 అడుగులకు ఒక గీత, మందంలో నాలుగో వంతు లోతున కోయించాలి. రాళ్ల దారి ఎక్కడపడితే అక్కడ తెగినట్టు కనిపించకుండా, ఆ గీతలు ఎక్కడ రావాలో ముందే కాగితం మీద గీసుకుంటే మంచిది.

నేల కిందే సగం పని

2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. పైన ఎంత గట్టి ఇనుమున్నా కింద మట్టి జారితే ఏమవుతుందో తీరం వాళ్లందరూ చూశారు. మన వాకిలికీ అదే సూత్రం. ఇసుక నేలయితే బాగా తడిపి రోలర్‌తో దిమ్మిస చేయాలి. నల్లరేగడి అయితే పై మట్టి తీసేసి ఎర్ర గ్రావెల్ పొరలుపొరలుగా వేసి తొక్కించాలి. దాని మీద 40 ఎంఎం కంకర పొర, ఆ పైన పాలిథిన్ షీటు. కంకర సందులు కింది ఉప్పు నీళ్లను పైకి పీల్చనివ్వవు, షీటు మిగిలిన చెమ్మను ఆపుతుంది. అంచులకు ఇటుకతోనో కాంక్రీటుతోనో కట్టు ఉంటే వానకు పక్క మట్టి జారదు. వాలు 50 అడుగులకు ఒక అడుగు చొప్పున, ఇంటి వైపు కాక వీధి వైపు ఉండాలి.

పోయడం, కడగడం

ఈశాన్య రుతుపవనాల వానలు మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి దాకా మంచి అదను. ఎండ, సముద్రపు గాలి కలిస్తే పైపొర త్వరగా ఆరి సన్న బీటలు వస్తాయి కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం గాలికి ముందే ముగించాలి.

10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, నాలుగంగుళాల మందం అనుకుంటే దాదాపు 2.8 ఘనమీటర్ల కాంక్రీటు అవుతుంది. ఎం25 రకానికి సుమారు 18 బస్తాల సిమెంటు పడుతుంది. తీరానికి ఫ్లైయాష్ కలిసిన పీపీసీ గానీ, స్లాగ్ సిమెంటు గానీ మేలు. నేలటూరు లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో మిగిలే బూడిదే ఫ్లైయాష్. అది సిమెంటులోని సన్న రంధ్రాలను మూసి, ఉప్పు లోపలికి దిగకుండా అడ్డుపడుతుంది. ఒక బస్తాకు, ఇసుకలో ఉన్న తడితో కలిపి, 25 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదు. పోయడం తేలికగా ఉంటుందని బేల్దారులు ఇంకో బకెట్ అడుగుతారు. గట్టిగా వద్దనండి. కావలిస్తే కాంక్రీటును జారుగా చేసే ప్లాస్టిసైజర్ వాడొచ్చు.

కాంక్రీటు చదును చేశాక ఏరిన రాళ్లను పైన ఒత్తుగా చల్లి, చెక్కతో మెల్లగా లోపలికి నొక్కాలి. నీటి మెరుపు పోయాక సర్ఫేస్ రిటార్డర్ అనే ద్రవం చల్లుతారు. అది పైపొరలో మాత్రం సిమెంటు గట్టిపడకుండా ఆపుతుంది. చక్కెరకూ ఇదే గుణం ఉంది. కానీ చక్కెర నీళ్ల పాళ్లు తప్పితే లోతు దాకా మెత్తబడుతుంది, కాబట్టి అమ్మే రిటార్డరే మంచిది.

మిగిలింది కడిగే వేళ. దీనికి గడియారం చెప్పే లెక్క ఏదీ సరిపోదు. రిటార్డర్ వేస్తే సాధారణంగా మర్నాడు పొద్దున, వేయకపోతే పోసిన కొన్ని గంటల్లోనే. ఒక మూల నైలాన్ బ్రష్షుతో రుద్ది చూడాలి. రాయి కదిలితే తొందరపడ్డట్టు. సిమెంటు రాకపోతే ఆలస్యమైనట్టు. ఆలస్యమైందని యాసిడ్ పోయడానికి ఒప్పుకోవద్దు. మనం వాడే యాసిడ్‌లో ఉండేది కూడా క్లోరైడే. ఉప్పును వద్దనుకుని ఇంత శ్రమపడి, చివర్లో మన చేత్తోనే పోసినట్టవుతుంది. కడిగిన నీళ్లు ఘాటు క్షారం. వాటిని రొయ్యల చెరువులకు పోయే కాలవలోకి వదలకుండా, గుంత తవ్వి అందులో ఇంకించాలి.

తరవాత కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మామూలు శ్లాబుకు కట్టే మట్టి కట్టలు, పరిచే వరిగడ్డి ఇక్కడ వద్దు, రాళ్ల మీద మరకలు దిగుతాయి. శుభ్రమైన గోనెపట్టాలు, పైన ప్లాస్టిక్ షీటు చాలు. నెల రోజులు గడిచాక, పూర్తిగా ఆరిన రోజు చూసి, లోపలి చెమ్మను బయటికి పోనిచ్చే సీలర్ వేయించండి.

ఇళ్లల్లో ఆడవాళ్లను అడగకుండా ఈ పని ఖాయం చేయకండి. రాళ్లు తేలిన నేల మీద ముగ్గు కుదరదు. గేటు ముందు నాలుగడుగుల వెడల్పున నున్నటి పట్టీ వదిలితే ధనుర్మాసం ముగ్గుకు చోటుంటుంది, చుట్టూ రాళ్ల దారి దానికి అంచులా అందంగా ఉంటుంది.

ఇదంతా మొదలుపెట్టాల్సింది మాత్రం రెండడుగుల పలకతో. అదే రాయి, అదే సిమెంటు, అదే నీళ్లు, అదే బేల్దారి. కడిగే వేళ ఆ పలక మీదే తెలిసిపోతుంది. ఎండినప్పుడు, తడిసినప్పుడు రంగు చూడండి. ఇంట్లో పెద్దవాళ్లను చెప్పుల్లేకుండా నిలబెట్టి అడగండి. వాళ్లు సరేనన్నాకే లారీని పిలవండి. డబ్బు చాలకపోతే రాయి తగ్గించుకోండి, పునాదిని తగ్గించకండి.