కెమిస్ట్రీ అంటే భయమా? ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌తో మొదలుపెట్టండి
నర్సింగ్ ఫస్టియర్ అమ్మాయిల కోసం

తిరుపతిలోనో చిత్తూరులోనో మదనపల్లెలోనో నర్సింగ్ సీటు వచ్చిందంటే ఇంట్లో సంబరమే. అమ్మీ స్వీట్లు పంచుతుంది, అబ్బా ఫీజు కోసం ఎక్కడెక్కడో సర్దుతాడు. రెండో సెమిస్టర్‌కి వచ్చేసరికి హాస్టల్ నుంచి ఫోన్ వస్తుంది: "నావల్ల కాదు, బయోకెమిస్ట్రీ అర్థం కావడం లేదు. ఇంటికి వచ్చేస్తాను."

ఈ మాట అనేవాళ్లు తెలివి తక్కువ పిల్లలేం కాదు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివి, ఇంటర్ బైపీసీలో కెమిస్ట్రీని బట్టీ పట్టి గట్టెక్కినవాళ్లు చాలామంది. ఇప్పుడు అంతా ఇంగ్లీషులో, వేగంగా, లెక్కలతో సహా మీద పడుతుంది. భయం వేయడం సహజం. కానీ ఆ భయంతో చదువే మానుకోవాల్సిన అవసరం లేదు. ఎందుకో చూద్దాం.

ముందు కొండ ఎంత ఎత్తుందో చూడండి

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌ను సెమిస్టర్ పద్ధతికి మార్చింది. అందులో అప్లైడ్ బయోకెమిస్ట్రీ రెండో సెమిస్టర్‌లో వస్తుంది. మొత్తం క్లాసులు 40 గంటలే. ఎనిమిది యూనిట్లు: కార్బోహైడ్రేట్లు, లిపిడ్లు, ప్రోటీన్లు, ఎంజైములు, యాసిడ్-బేస్ సమతుల్యం, హీమ్ విచ్ఛిన్నం, అవయవాల పనితీరు పరీక్షలు, ఇమ్యునోకెమిస్ట్రీ. మొదటి మూడింటికే 25 గంటలు పోతాయి.

ఆ మూడూ ఏమిటి? మనం తినే తిండే. రాగి సంగటిలో పిండి పదార్థం, శనక్కాయల్లో నూనె, పప్పులో మాంసకృత్తులు. ఇవి ఒంట్లోకి వెళ్లి ఏమవుతాయన్నదే పాఠం. ఇంటర్‌లో చదివిన ఆర్గానిక్ రియాక్షన్ల చాంతాడు ఇక్కడ లేదు. ఇక్కడ ప్రతి పేజీ వెనకా ఒక పేషెంట్ ఉంటాడు.

ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు

మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ రెండు బలాల్లో దొరుకుతాయి. ఒకదాంట్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, రెండోదాంట్లో 100 యూనిట్లు. సిరంజీలూ రెండు రకాలే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత.

డాక్టరు 20 యూనిట్లు ఇమ్మని రాశారనుకోండి. చేతిలో 100 బలం ఉన్న వయల్, ఎర్ర మూత సిరంజీ ఉన్నాయి. సిరంజీ మీద 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చే మందు అర మిల్లీలీటరు. అందులో ఉన్నది 20 యూనిట్లు కాదు, 50! ఆ పేషెంట్‌కు షుగర్ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

ఇక్కడ నర్సుకు కావాల్సింది ఒక్కటే ప్రశ్న: "ఒక మిల్లీలీటరులో ఎంత మందు ఉంది?" కెమిస్ట్రీలో దీన్నే కాన్సెంట్రేషన్ అంటారు, అంటే గాఢత. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే సగం భయం పోతుంది.

శాతాల లెక్క కూడా ఇదే. 5% డెక్స్‌ట్రోజ్ అంటే 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములు. 500 మిల్లీలీటర్ల బాటిల్‌లో 25 గ్రాములు. నార్మల్ సెలైన్ 0.9%, అంటే లీటరులో 9 గ్రాముల ఉప్పు.

ఇఫ్తార్‌కి షర్బత్ కలిపేటప్పుడు ఒక గ్లాసు సిరప్‌కి నాలుగు గ్లాసుల నీళ్లు పోస్తాం కదా. అది 1:4. కానీ మొత్తం ఐదు గ్లాసులైంది కాబట్టి, ఐదింట్లో ఒక వంతు సిరప్. '1:4', '5లో 1' ఒకే షర్బత్‌కి రెండు పేర్లు. పరీక్షలో చాలామంది తడబడేది ఇక్కడే.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చదవండి

మోల్ అనే మాట వింటేనే కొందరికి కడుపులో తిప్పుతుంది. మెడికల్ షాపులో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కొని ముందు పెట్టుకోండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్రకారం లీటరు నీళ్లకు కలిపే పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది: ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9.

మోల్ అంటే డజను లాంటి లెక్కే. డజన్ అంటే 12. మోల్ కూడా ఒక లెక్క సంఖ్యే, కాకపోతే చాలా పెద్దది. ఒక మోల్ గ్లూకోజ్ 180 గ్రాములు తూగుతుంది. మన దగ్గరున్న 13.5ను 180తో భాగించండి. 0.075 మోల్ వస్తుంది. వెయ్యితో గుణిస్తే 75 మిల్లీమోల్స్.

ఇప్పుడు సోడియం. ఉప్పు ఒక మోల్ 58.5 గ్రాములు. 2.6ను 58.5తో భాగిస్తే సుమారు 44 మిల్లీమోల్స్. సిట్రేట్ ఒక మోల్ 294 గ్రాములు. 2.9 గ్రాములంటే దాదాపు 10 మిల్లీమోల్స్. ఒక్కో సిట్రేట్‌లో మూడు సోడియంలు కాబట్టి 30. రెండూ కలిపితే 74, అంటే 75కి బాగా దగ్గర. ప్యాకెట్ మీద చూడండి, సోడియం 75 అనే ఉంటుంది!

గ్లూకోజ్ 75, సోడియం 75. ఈ సమానం ఊరికే పెట్టింది కాదు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీళ్లూ వెళ్తాయి. విరేచనాలతో వాడిపోయిన బిడ్డ తేరుకునేది అందుకే. అదే పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే గాఢత ఐదింతలవుతుంది. బిడ్డకు మేలు బదులు కీడు జరుగుతుంది. రేపు వార్డులో తల్లికి ఈ సంగతి చెప్పాల్సింది మీరే.

దస్తర్‌ఖాన్ మీద పసుపు మరక

యాసిడ్-బేస్ పాఠానికి కూడా వంటింట్లోనే ఉదాహరణ ఉంది. దస్తర్‌ఖాన్ మీద సాలన్ ఒలికి పసుపు మరక పడుతుంది. సబ్బు పెట్టగానే అది ఎర్రగా మారుతుంది. బాగా జాడిస్తే మళ్లీ పసుపుపచ్చగా వస్తుంది. సబ్బు క్షారం, పసుపు ఇండికేటర్. ల్యాబ్‌లో లిట్మస్ చేసే పని ఇదే.

రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. ఆ కాస్త జాగా దాటకుండా ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపి, కిడ్నీలు బైకార్బొనేట్‌ను సర్ది కాపాడతాయి. షుగర్ బాగా పెరిగి కీటోన్లు చేరిన పేషెంట్ ఎందుకు లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడో ఇప్పుడు మీరే చెప్పగలరు: రక్తంలో యాసిడ్ పెరిగింది, దాన్ని దించడానికి ఒళ్లు కార్బన్ డయాక్సైడ్‌ను ఊదేస్తోంది.

సమస్య తెలివిది కాదు, మాటలది

నోట్‌బుక్‌లో పేజీని మూడు నిలువు గళ్లుగా గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, మీకు సులువైన లిపిలో. రెండో గడిలో ఇంట్లో మాట: యాసిడ్ అంటే తేజాబ్, ఆమ్లం. మూడో గడిలో వార్డులో దాని పని. 'హైపోకలేమియా' అని ఉంటే, "రక్తంలో పొటాషియం 3.5 కన్నా తక్కువ, కండరాలు నీరసం, గుండె లయ చూడాలి" అని రాసుకోండి. రోజుకు ఐదు మాటలు చాలు.

ఇంకో సంగతి. ఆల్కలీ అనే మాట అరబీ 'అల్-ఖలీ' నుంచి వచ్చింది, మొక్కలు కాల్చిన బూడిద అని అర్థం. కెమిస్ట్రీ అనే పేరు కూడా 'అల్-కీమియా' దారిలో వచ్చిందే. ఉర్దూ చదివిన అమ్మాయికి ఈ సబ్జెక్టు పరాయిది ఎలా అవుతుంది?

రోజూ ఇలా చేయండి

ఒకేసారి రాత్రంతా కూర్చోవద్దు. రోజుకు అరగంట చాలు. పది నిమిషాలు చదవండి, పుస్తకం మూసి గుర్తున్నది రాయండి, తర్వాత తెరిచి తప్పులు దిద్దుకోండి. చదివింది మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఇలా రాసుకోవడం వల్ల బాగా నిలుస్తుంది. రోజుకు రెండు డోసు లెక్కలు చేయండి. జవాబు పక్కన యూనిట్ రాయకపోతే ఆ లెక్క పూర్తి కానట్టే.

ల్యాబ్‌లో యాసిడ్‌నే నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. టెస్ట్‌ట్యూబ్ వేడి చేసేటప్పుడు దాని మూతి ఎవరి వైపూ పెట్టొద్దు. బెనెడిక్ట్ పరీక్షలో నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు వరుసగా షుగర్ పెరగడాన్ని చెప్తాయి. భయం వేస్తే "మేడమ్, ఇంకోసారి చూపిస్తారా" అని అడగండి. ఇప్పుడు అడగడం సిగ్గు కాదు. రేపు డ్యూటీలో డోసు మీద అనుమానం ఉండి కూడా అడగకపోవడమే ప్రమాదం.

అమ్మానాన్నలకు ఒక మాట

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. తర్వాత హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. మన కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుక్కున్నవాళ్లలోనూ ఆయన ఒకరు. గర్భిణులకు నర్సులు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనకా ఆయన బృందం శ్రమ ఉంది. రెండుసార్లు తప్పాడని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే?

మీ అమ్మాయి ఒక సబ్జెక్టులో తప్పితే దానికి సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. "చదువు చాల్లే, సంబంధం చూద్దాం" అనేముందు ఒకసారి ఆమె పక్కన కూర్చోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చేతికిచ్చి "ఇందులో ఏముందో నాకు చెప్పమ్మా" అని అడగండి. ఆమె చెప్తున్నప్పుడు మధ్యలో ఆపకుండా వినండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే ఆ పాఠం ఆమెకు వచ్చినట్టే.