వార్తల్లో పదం: %పీఐ4

192.168.1.10 అనే ఐపీ అడ్రస్ లైనక్స్ కెర్నెల్‌కు కేవలం 32 బిట్లు. ఇంటెల్ ప్రాసెసర్‌పై దాన్ని మామూలు అంకెగా ముద్రిస్తే లాగ్‌లో 167880896 అని పడుతుంది. నెట్‌వర్క్ ఎక్కడ తెగిందో వెతికేవారికి అది దేనికీ పనికిరాదు. 2008 వరకు లైనక్స్‌లో అడ్రస్‌ను చదవగలిగేలా ముద్రించడానికి ఎన్ఐపీక్వాడ్ అనే మాక్రో వాడేవారు. అది అడ్రస్‌ను నాలుగు ముక్కలు చేసి నాలుగు ఆర్గ్యుమెంట్లుగా పంపేది, ఐపీవీ6కైతే ఎనిమిది. ఆ విడదీసే కోడ్ వాడిన ప్రతిచోటా మళ్లీ పుట్టేది. ఆ ఏడాది చివర్లో వచ్చిన %పీఐ4 అనే ఫార్మాట్ గుర్తు ఒక్క పాయింటర్ తీసుకుని, చుక్కలు పెట్టే పనిని కెర్నెల్ లాగ్‌లో ముద్రించే ప్రింట్‌కే ఫంక్షన్‌కు అప్పగించింది. తర్వాత చేరిన %పీఐ6సీ ఐపీవీ6 అడ్రస్‌లోని సున్నాల వరుసను కుదించి ::1 అని పొట్టిగా చూపుతుంది.

ఈ ఫార్మాట్ సీ భాష ప్రమాణంలో లేదు కదా అని కొందరు అంటారు. నిజమే, కానీ కెర్నెల్ ఎలాగూ సీ లైబ్రరీని వాడదు. అసలు బరువైన అభ్యంతరం వేరు: కంపైలర్‌కు కనిపించేది %పీ మాత్రమే. ఐపీవీ4 అడ్రస్‌ను పొరపాటున ఐపీవీ6 కోసం ఉన్న %పీఐ6కు ఇచ్చినా అది నోరెత్తదు. 4 బైట్లున్న చోట ప్రింట్‌కే 16 బైట్లు చదివేస్తుంది. పాత ఐపీవీ6 మాక్రో ఈ తప్పును కంపైల్ దశలోనే పట్టేది. ఆ కాపలా పోయిన మాట ఒప్పుకోవాల్సిందే. అయినా లాభమే ఎక్కువ: ముద్రణలో లోపం దొరికితే ఒక్కచోట సరిచేస్తే చాలు, అన్ని డ్రైవర్లూ బాగుపడతాయి. ఈ ఫార్మాట్ల జాబితా కెర్నెల్ సోర్స్ వెంటే వస్తుంది. డ్రైవర్ రాసేవారు ముందు దాన్ని చదవాలి.