నల్లరేగడి రుచి: గుంటూరు సీమ బజ్జీల కొట్టు

గుంటూరు, ఒంగోలు, చీరాల, నరసరావుపేట, చిలకలూరిపేట... ఈ ఊళ్లలో బజ్జీల కొట్టు లేని పేట అరుదు. కొట్టుకు పెద్ద హంగేమీ ఉండదు. వీధిలోకి తెరిచిన ముందుగది, గడప పక్కనే పొయ్యి, దాని మీద వెడల్పాటి మూకుడు, చేతికందేంత దూరంలో పిండి గిన్నె, రెండు మూడు బల్లలు, ఒక గల్లాపెట్టె. వంటంతా వాకిట్లోనే జరుగుతుంది. పిండి కలపడం, వాయి వేయడం, నూనె ఓడ్చి తీయడం అన్నీ తినేవాళ్ల కళ్ల ముందే. పేటలో పాతుకుపోయిన కొట్టు మీద జనానికి ఉండే నమ్మకానికి ఇదే పునాది.

హోటళ్లు రాకముందు పొరుగూరి నుంచి పని మీద వచ్చినవాళ్లకు పూటకూళ్ల ఇళ్లే దిక్కు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఉడిపి నుంచి, తమిళ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు కోస్తా పట్టణాల్లో కాఫీ హోటళ్లు తెరిచాయి. డబ్బిచ్చి బయట టిఫిన్ తినే అలవాటు వాటితోనే బలపడింది. ఆ హోటళ్లకు జనజీవితంలో ఎంత చోటు దక్కిందో గుంటూరులోని శంకర్ విలాస్ సెంటర్ చెబుతుంది. హోటల్ పేరే కూడలి పేరయింది, అక్కడ రైలు పట్టాల మీది వంతెనకూ అదే పేరు పడింది. అయితే ఆనాటి హోటళ్లలో చాలావాటిలో కులాన్ని బట్టి కూర్చునే చోటు మారేది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలను, హోటళ్లను పేరు పెట్టి ప్రస్తావించి, కులం కారణంగా అక్కడికి ఎవరినీ రానివ్వకుండా చేయకూడదని చెప్పింది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం అలా అడ్డుకోవడాన్ని శిక్షార్హం చేసింది. ఇవాళ హమాలీ, రైతు, గుమస్తా, కాలేజీ విద్యార్థి ఒకే మూకుడు చుట్టూ నిలబడి తినడం వెనుక ఇంత చరిత్ర ఉంది.

పొలం నుంచి మూకుడుకు

ఈ సీమ బజ్జీలో చెప్పుకోదగ్గ విశేషం, దానికి కావలసిన ముఖ్య సరుకులన్నీ చుట్టుపక్కల నేలలోనే పండడం. మిరప, శనగ, పత్తి మూడూ ఇక్కడి నల్లరేగడి పంటలే.

నల్లరేగడి తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తితే, నేలలో మిగిలిన తేమతోనే పంట చేతికొస్తుంది. 1999లో విడుదలైన జేజీ-11 వంటి త్వరగా కోతకొచ్చే రకాలతో ప్రకాశం జిల్లా రైతులు శనగలో మంచి దిగుబడులు తీశారు. బజ్జీకి తొడుగయ్యే శనగపిండి ఆ పప్పు నుంచి వచ్చేదే.

పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడించినప్పుడు దూదికంటే గింజే ఎక్కువ బరువు తూగుతుంది. బరువులో మూడో వంతు దూది, మిగిలినదంతా దాదాపు గింజే. ఆ గింజ నుంచి తీసిన నూనెలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, రంగు కూడా ముదురుగా ఉంటుంది. శుద్ధి చేస్తే రెండూ పోయి, తేటగా, పెద్దగా వాసన లేకుండా తయారవుతుంది. ఎక్కువ సెగకు త్వరగా పొగలు రావు కాబట్టి వేపుళ్లకు బాగా పనికొస్తుంది. వేరుశనగ నూనె రుచి వేరు, దానికి ఖర్చూ ఎక్కువే. ధర తక్కువని చాలా కొట్లు పామాయిల్ వైపు మళ్లాయి. నూనె ధర ఇప్పుడు ఊరి చేతిలో లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గితే, మిగతా నూనెల ధరలూ ఎగబాకి ఇక్కడి బజ్జీల కొట్ల మీద భారం పడింది.

ఇక మిరప. అమెరికా ఖండాలలో పుట్టిన ఈ కాయను పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు భారతదేశానికి తెచ్చారు. అంతకుముందు ఇక్కడి వంటకు కారమిచ్చింది మిరియాలే. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోని అతిపెద్ద మిరప మార్కెట్లలో ఒకటి. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఊరి పక్కనే ఉన్న లాం వ్యవసాయ పరిశోధనా స్థానం దేశమంతా పండించిన మిరప రకాలను అందించింది. అయితే యార్డుకు టిక్కీల్లో (బస్తాల్లో) వచ్చే ఎండు మిర్చి వేరు, బజ్జీలో కనిపించే కాయ వేరు. బజ్జీ మిరప పొడుగ్గా, లేత ఆకుపచ్చగా, కండ పట్టి ఉంటుంది. కారం తక్కువ. దేశానికి ఘాటైన కాయలు అమ్మే ఊరు బజ్జీకి మాత్రం కమ్మటి కాయను ఎంచుకుంది.

కాయకు గాటు, పిండికి జారు

కాయను తొడిమ ఉంచి, నిలువునా ఒకవైపు చీరుతారు. ఈ గాటు కూరడానికే కాదు, భద్రతకు కూడా. చీరని కాయను కాగిన నూనెలో వేస్తే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక కాయ పేలి నూనె చిమ్ముతుంది. చీరిన కాయలోంచి గింజలతో పాటు వాటిని పట్టి ఉంచే తెల్లటి ఈనె కూడా తీసేస్తారు. కారానికి మూలమైన క్యాప్సైసిన్ ప్రధానంగా ఉండేది ఆ ఈనెలోనే. గింజలకు దాన్ని అంటుకుని ఉండడం వల్ల ఘాటు పడుతుంది. తర్వాత చింతపండు గుజ్జు, ఉప్పు, నూరిన వాము కలిపి పలచగా లోపల రాస్తారు. పులుపు కాయలో మిగిలిన కారాన్ని సర్దుతుంది. వాములోని థైమాల్ అనే పదార్థం ఆ ప్రత్యేకమైన వాసననిస్తుంది.

శనగపిండిలో కరకర కోసం కాస్త బియ్యప్పిండి, ఉప్పు, చిటికెడు వంట సోడా వేసి నీళ్లు పోసి కలుపుతారు. జారు ఎక్కువైతే పిండి కాయకు పట్టదు. గట్టిపడితే పైన మందంగా అతుక్కుని లోపల పచ్చిగా మిగులుతుంది. ముంచి తీసిన కాయ మీద పిండి తెగకుండా, ఒకే మందంలో నిలవాలి. సోడా ఎక్కువ పడితే బజ్జీ నూనె పీలుస్తుంది. ఈ అంచనా కొలతల్లో దొరకదు. రోజుకో తీరుగా ఉండే పిండిని బట్టి చెయ్యి తెలుసుకోవలసిందే.

నూనె సుమారు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బజ్జీ బాగా వేగుతుంది. పాత కొట్టులో థర్మామీటరు ఉండదు. చుక్క పిండి వేసి చూస్తారు. వెంటనే పైకి తేలి, మాడకుండా పొంగితే నూనె సరిగ్గా కాగినట్టు. పిండిలోని నీరు ఆవిరై బుడగలుగా బయటికి తన్నుకొస్తున్నంతసేపు నూనె లోపలికి చొరబడడం కష్టం. బజ్జీ బయటికి తీశాక చల్లారుతున్నప్పుడే లోపలి ఆవిరి కుంచించుకుపోయి పైనున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. అందుకే చిల్లుల గరిటెతో తీసి నూనె బాగా ఓడ్చాకే పళ్లెంలో వేస్తారు. ఒకే వాయిలో ఎక్కువ కాయలు వేస్తే నూనె చల్లబడి బజ్జీలు మెత్తబడతాయి. గిరాకీ ఎంత ఉన్నా వాయి పెంచకపోవడం మంచి కొట్టు లక్షణం.

కట్ మిర్చికి ముందుగా ఒక మాదిరిగా వేగిన బజ్జీలను ముక్కలు కోసి, అడిగినప్పుడు మళ్లీ నూనెలో వేస్తారు. లోపలి తడి తగ్గి ముక్కలు కరకరలాడతాయి. పైన ఉల్లిపాయ తరుగు, నిమ్మరసం.

పొయ్యి చుట్టూ పూటలు

పాత కొట్లలో పూటకో సరుకు. పొద్దున గారెలు, మైసూరు బజ్జీ, సాయంత్రం మిరపకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ, పునుగులు, ఉల్లి పకోడి. గారె మధ్యలో చిల్లు పెట్టేది అందానికి కాదు, లోపలి పిండికి కూడా సెగ తగిలి సమంగా వేగడానికి. పునుగులు దోసెల పిండికి దొరికిన రెండో జన్మ. పులిసిన పిండిలో కాస్త బియ్యప్పిండో మైదానో కలిపి చిన్న ఉండలుగా వదులుతారు. మైసూరు బజ్జీకి మైదా, పెరుగు. పక్కన వేరుశనగ చట్నీ, అల్లం పచ్చడి.

మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు పొయ్యి వెలిగితే, చీకటి పడే వేళకు రద్దీ ముదురుతుంది. మిర్చి యార్డుకు సరుకు జోరుగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరుకు పొరుగు జిల్లాల రైతులు కూడా వస్తారు. తూకం కోసం, డబ్బు కోసం ఎదురుచూసేవాళ్లకు తక్కువ ఖర్చుతో కడుపు నింపేవి ఇలాంటి కొట్లే. బజ్జీ రుచి తెలియాలంటే అక్కడే నిలబడి వేడిగా తినాలి. పార్సిల్ కట్టిన బజ్జీకి దాని ఆవిరే శత్రువు. మూతపడిన పొట్లంలో ఆవిరి నీరై పై పొరను మెత్తబరుస్తుంది.

నూనె మీద నిఘా

ఒకే నూనెను పదేపదే కాచినప్పుడు అది విరిగి పోలార్ పదార్థాలు పెరుగుతాయి, ఆరోగ్యానికి హాని చేస్తాయి. వీటి మోతాదు 25 శాతం దాటిన నూనె వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అదే ఏడాది మొదలుపెట్టింది. అచ్చుసిరాలోని రసాయనాలు తిండికి అంటుకుంటాయి కాబట్టి వార్తాపత్రికల్లో పొట్లాలు కట్టవద్దని కూడా ఆ సంస్థ హెచ్చరించింది. ఈ విషయంలో ఆకు దొప్పలే మేలు.

పరీక్ష పరికరం లేకపోయినా తినేవాళ్లు కొంత కనిపెట్టవచ్చు. నూనె నల్లబడి జిగటగా ఉన్నా, వాయి తీశాక కూడా నురగ తగ్గకపోయినా, మామూలు సెగకే పొగ లేస్తున్నా అది మార్చవలసిన నూనె. రేటు కాస్త ఎక్కువైనా నూనె మార్చే కొట్టుకే వెళ్లడం వినియోగదారు చేతిలో ఉన్న పని. తక్కువ లాభంతో, పొయ్యి సెగకు గంటలకొద్దీ నిలబడి పనిచేసే ఈ కుటుంబాలకు అలాంటి గిరాకీయే అండ. పేటలో అందరికీ అందుబాటు ధరలో వేడి తిండి దొరకాలన్నా, చేతితో నేర్చిన ఈ విద్య తర్వాతి తరానికి అందాలన్నా ఆ కొట్లు నిలబడాలి.