గోడకు అటూ తెలుగే.. ఇటూ తెలుగే

ఇంట్లో తెలుగు.. గడప దాటితే తమిళం. కరూర్, ఈరోడ్, కోయంబత్తూరు, మదురై జిల్లాల్లోని అరుంధతీయుల వాడల్లో తరతరాలుగా ఇదే వరస. నాయక రాజుల కాలంలో దక్షిణాదికి వచ్చామని పెద్దలు చెప్పుకుంటారు. తొట్టియ నాయకర్లదీ అదే కథ. కట్టబొమ్మన్ పుట్టిన కులం వారిది. ఇళ్ళలో మాట్లాడేది తెలుగే.

కరూర్ జిల్లా ముత్తులాడంపట్టిలో ఈ ఇద్దరి మధ్యా గోడ లేచింది. ప్రభుత్వ స్థలంలో నాయకర్లు కట్టారని, తమను దూరం పెట్టడానికేనని అరుంధతీయులు అధికారుల దగ్గరికి వెళ్ళారు. కట్టినవారు కాదన్నారు. 2025 ఆగస్టులో గోడ తొలగింది. మాట ఒకటైనంత మాత్రాన వాడ ఒకటి కాదని ఆ ఊరు చూస్తే తెలుస్తుంది.

నడూర్ మర్చిపోలేదు
అన్ని గోడలూ ఇలా చర్చలతో పోవు. 2019 డిసెంబరు 2.. మెట్టుపాళయం దగ్గర నడూర్. రాత్రంతా వాన. తెల్లవారుజామున జనం నిద్రలో ఉండగానే పక్క బంగళా ప్రహరీ అరుంధతీయుల ఇళ్ళ మీద కూలింది. 17 మంది చనిపోయారు. సుమారు ఇరవై అడుగుల ఎత్తు గోడ అది. ఇంటికి కాపలాగా కట్టింది కాదు, తాము కనిపించకుండా కట్టిందని కాలనీవాసుల ఆరోపణ. ప్రమాదం ఉందని ముందే చెప్పినా ఎవరూ పట్టించుకోలేదన్నారు. ఆసుపత్రి దగ్గర శవాలను తీసుకోబోమని కూర్చుంటే పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్న ఓ తండ్రి వారి కళ్ళను దానం చేశాడు.

ఇంటి యజమానిని అరెస్టు చేశారు. అయితే అట్రాసిటీ చట్టం కింద కూడా కేసు పెట్టాలన్నది దళిత సంఘాల పట్టు. గోడ నాణ్యత లేక కూలిందా, కులం కోసం లేచిందా? కేసు ఏ సెక్షన్ కింద నడవాలో తేల్చేది ఈ ప్రశ్నే. గోడ ఎందుకు కట్టారో కాగితం మీద రుజువు చేయడమెలా?

కాగితం పట్టుకొని
ఈ రుజువుల పనిని భుజానికెత్తుకున్న సంస్థల్లో తమిళనాడు అంటరానితనం నిర్మూలన ఫ్రంట్ ఒకటి. మార్క్సిస్టు పార్టీ అండ ఉన్న సంస్థ. ఊరూరా తిరిగి ఎక్కడ రెండు గ్లాసులున్నాయి, ఎక్కడ శ్మశానానికి దారి లేదు, ఎక్కడ గోడ ఉంది అని రాసుకోవడంతో వీరి పని మొదలవుతుంది. మదురై జిల్లా ఉత్తపురం గోడ అలాగే రాష్ట్రం కంటపడింది. 1989 ఘర్షణల తర్వాత కట్టిన ఆ గోడ మీద 2008లో కరెంటు తీగ కూడా పెట్టారు. గొడవ పెద్దదయ్యాక అదే ఏడాది మే 6న అధికారులు కొంత భాగం కూల్చి దారి తెరిచారు. దానికి నిరసనగా అవతలి కులంవారు ఇళ్ళు వదిలి కొండ దగ్గరికి పోయారు. రాజీ కుదరడానికి, దళితులు ముత్తాలమ్మ గుడిలో అడుగు పెట్టడానికి 2011 నవంబరు దాకా పట్టింది. గోడ కూల్చడం ఒక్క పూట పని. ఆ తర్వాతిదే అసలు పని.

ఇలాంటి తగాదాల్లో మొదట చూడాల్సింది సర్వే నంబరు. స్థలం పోరంబోకైతే ఆక్రమణ కింద కలెక్టరు తొలగించవచ్చు. పట్టా భూమైతే 'నా స్థలం, నా గోడ' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అక్కడ చిక్కు మొదలు.

చట్టం లేక కాదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం అంటరానితనం పేరుతో ఎవరినైనా ఒక చోట ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, కాపురం ఉండకుండా ఆపడం నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు. జరిమానా మాత్రం వంద నుంచి ఐదు వందలు! ఇల్లో ఊరో వదిలి పోయేలా చేస్తే అట్రాసిటీ చట్టమూ ఉంది.

టు-లెట్ బోర్డు వెనక
పట్నంలో గోడ కనిపించదు. ఎస్సీల 18 శాతం కోటాలో అరుంధతీయులకు 2009లో 3 శాతం విడిగా ఇచ్చారు. ఆ దారిలో చదివి కొలువు తెచ్చుకున్న కుర్రాడు కోవైలోనో చెన్నైలోనో అద్దె ఇంటికి వెళితే ముందు అడ్వాన్సు మాట వస్తుంది, తర్వాత 'నీంగ ఎన్న ఆళుంగ?' అన్న ప్రశ్న వస్తుంది. మీరేమిట్లు అని మన ఊళ్ళలో అడిగినట్టే. కొందరు 'శాకాహారులకే' అని బోర్డులోనే తేల్చేస్తారు. ఇల్లు లేదని ఎవరూ కులం పేరు పెట్టి చెప్పరు. 'నిన్ననే ఒకరికి మాట ఇచ్చేశాం' అంటారు. దీన్ని పోలీసు స్టేషన్‌లో ఏమని రాసివ్వాలి?

సుఖదేవ్ థోరాట్ బృందం 2015లో వెల్లడించిన పరిశోధనలో ఒక ఉపాయం ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల ఒకే ఇంటికి ఒకే స్థాయి చదువు, ఉద్యోగం ఉన్నవారిని వేర్వేరు కులాల, మతాల పేర్లతో పంపి జవాబులు పోల్చారు. దళితులకు, ముస్లింలకు తలుపులు తక్కువగా తెరుచుకున్నాయి. ఇల్లు లేదని చెప్పించుకున్నవారు మర్నాడు మరో పేరున్న స్నేహితుణ్ణి అదే గుమ్మానికి పంపి చూడవచ్చు. జవాబు మారితే తేదీ, సమయం, అన్న మాటలు అక్కడికక్కడే రాసిపెట్టుకోవాలి. సంఘాలు ఫిర్యాదు పట్టుకొని వెళ్ళినప్పుడు చూపించడానికి చేతిలో ఉండేది ఆ కాగితమే.