గోడ అవతలికి చీటీ

హైదరాబాదులో గోల్నాక నుంచి అంబర్‌పేట మీదుగా తార్నాక వైపు వెళితే దారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ వస్తుంది. 1918లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ కళాశాల ఒక చోట, ఇంజనీరింగు కళాశాల మరొక చోట, గ్రంథాలయం ఇంకొక చోట ఉన్నాయి. ఒక భవనంలోని గుమాస్తా మరొక భవనంలోకి వెళ్లి అక్కడి బీరువా తెరవకూడదు. తనకు కావలసింది చీటీ మీద రాసి పంపాలి. అవతలివారు చదివి, సబబని తోస్తే జవాబిస్తారు.

కంప్యూటరులో మీరు చూసే వెబ్ పేజీలకు కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. ఈ సంగతి మా మనవరాలికి ఒక చిన్న గొడవ వల్ల బాగా తెలిసివచ్చింది.

ఆమె తొమ్మిదో తరగతి చదువుతున్నది. సెలవుల్లో రెండు పేజీలు తయారుచేసింది. ఒకటి ప్రశ్నలు అడిగే పేజీ. రెండవది మార్కుల పట్టిక. ఆ రెంటినీ వేరు వేరు చిరునామాలలో పెట్టింది. ప్రశ్నలు పూర్తి కాగానే మొదటి పేజీ రెండవదానికి మార్కులు పంపుతుంది. అది భద్రంగా దాచుకుంటుంది. తాను పరీక్ష రాస్తే 92 వచ్చాయి. మరునాడు పొద్దున చూస్తే పట్టికలో సున్నా!

"తాతయ్యా, నేను దాన్ని ముట్టుకోనే లేదు!" అంటూ ఏడుపు మొహంతో వచ్చింది. వాళ్ల అన్నయ్య మూల కూర్చుని ముసిముసిగా నవ్వుతున్నాడు.

అసలు జరిగిందేమిటో తెలియాలంటే ముందు గోడల సంగతి తెలియాలి. పేజీలకు ప్రాణం పోసే జావాస్క్రిప్టు అనే భాషను 1995లో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించాడు. ఆ భాషలో రాసిన ఆజ్ఞల వరుసనే స్క్రిప్టు అంటారు. మీ నాన్నగారు ఒక పేజీలో బ్యాంకు ఖాతా తెరిచారనుకోండి. మీరు పక్కనే ఆటల పేజీ తెరిచారు. ఆటల స్క్రిప్టు ఖాతాలోకి తొంగిచూస్తే కొంప మునుగుతుంది గదా! అందుకని బ్రౌజరు వాటి మధ్య గోడ కడుతుంది. చిరునామా మొదట ఉండే హెచ్‌టీటీపీఎస్ వంటి పద్ధతి, సైటు పేరు, పోర్టు సంఖ్య - ఈ మూడూ కలిస్తేనే రెండు పేజీలు ఒకే ఇంటివి. ఒక్కటి తేడా వచ్చినా పొరుగిల్లే.

మరి పొరుగువారితో అసలు మాటలే ఉండవా? ఉంటాయి. అందుకు "పోస్ట్‌మెసేజ్" అనే ఆజ్ఞ ఉన్నది. ఒక స్క్రిప్టు చీటీ పంపితే బ్రౌజరు దానికి నకలు తీసి, అవతలి స్క్రిప్టుకు అందజేస్తుంది. నకలు మీద ఎవరు ఎన్ని గీతలు గీసినా అసలు చెడదు. అంకెలు, మాటలు, జాబితాలు చీటీలో పోతాయి.

ఒకే పేజీకి చెందిన స్క్రిప్టులు కూడా ఇలా చీటీలు పంపుకోవలసి వస్తుంది. పేజీలో మామూలుగా పనులన్నీ ఒకే వరుసలో, ఒకదాని తరువాత ఒకటిగా జరుగుతాయి. పెద్ద లెక్క ఒకటి అడ్డంగా కూర్చుంటే మీరు మీట ఎన్నిసార్లు నొక్కినా పేజీ పలకదు. అందుకని "వర్కరు" అనే సహాయకుణ్ణి పెట్టుకోవచ్చు. 2009లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3.5లో ఈ సౌకర్యం ఉంది. వర్కరు వేరే గదిలో కూర్చుని లెక్క చేసి, జవాబు చీటీ మీద పంపుతాడు. తెర మీది బొమ్మలను మాత్రం వాడు ముట్టుకోలేడు. మన ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్ 2007లో అడోబీ సంస్థకు అధిపతి అయ్యారు. ఆ సంస్థవారి ఫోటోషాప్ 2021లో బ్రౌజరులోకి వచ్చింది. ఫోటోలు దిద్దడం వంటి బరువు పనులకు ఇలాంటి సహాయకులు ఎంతో అవసరం.

ఇక మన గొడవకు వద్దాం. అన్నయ్య తన చిరునామాలో ఒక పేజీ పెట్టి, "లడ్డూ బొమ్మ చూడు" అని మీట అమర్చాడు. చెల్లెలు ఆశగా నొక్కింది. ఆ పేజీ చాటుగా మార్కుల పట్టికను తెరిచి, "మార్కులు సున్నా" అని చీటీ పంపింది. పట్టిక గుడ్డిగా నమ్మి రాసుకున్నది.

"అమ్మా, నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడు సెలవు చీటీలు వచ్చేవి. 'మా అబ్బాయికి జ్వరం' అని తండ్రి రాసినట్టే ఉండేది. దస్తూరీ మాత్రం అబ్బాయిదే! అందుకని నేను ముందు సంతకం చూసి, ఆ తరువాతే సంగతి చదివేవాణ్ణి," అన్నాను.

చీటీ ఏ ఇంటి నుంచి వచ్చిందో బ్రౌజరే దాని మీద ముద్ర వేస్తుంది. దానిని "ఆరిజిన్" అంటారు. పంపినవాడు ఆ ముద్రను మార్చలేడు. కాని చూసుకోవలసిన బాధ్యత చీటీ అందుకున్నవారిదే. పంపేవారికీ ఒక జాగ్రత్త ఉంది: ఏ ఇంటికి చేరాలో చిరునామా స్పష్టంగా రాయాలి. చిరునామాకు బదులు నక్షత్రం గుర్తు పెడితే "ఎవరైనా చదువుకోవచ్చు" అని అర్థం. రహస్యం ఉన్న చీటీ మీద ఆ గుర్తు పెట్టరాదు.

మనవరాలు తన పట్టికలో ఒక్క నిబంధన చేర్చింది: ముద్ర ప్రశ్నల పేజీది కాకపోతే చీటీని పారవెయ్యి. అన్నయ్య మళ్లీ సున్నా పంపాడు. ఈసారి పట్టిక చలించలేదు.

"పోయిన 92 మళ్లీ రాసేసుకో," అన్నాడు వాడు, తప్పు దిద్దుకునే ధోరణిలో.

ఆమె ఒప్పుకోలేదు. మొదటి నుంచి పరీక్ష రాసింది. 88 వచ్చాయి.

"నాలుగు తగ్గాయి తాతయ్యా. అయినా ఇవి నేను తెచ్చుకున్నవే," అంది.