ఎడారి కొలువు – ఎడబాసిన కాపురం

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పట్టణం పసుపు పంటకు పెట్టింది పేరు. 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే కూడలి అది. పట్టణాన్ని ఆనుకొని నవనాథ సిద్ధేశ్వరుని గుట్ట ఉంది. ఆర్మూరు, బాల్కొండ, కమ్మర్‌పల్లి పరిసరాలలో తొలకరికి విత్తిన పసుపు దాదాపు తొమ్మిది నెలలపాటు నేలలో ఉంటుంది. సంక్రాంతి దాటిన తరువాత దానిని తవ్వి తీయాలి, ఉడికించాలి, కళ్ళాలలో ఎండబోయాలి, మెరుగు పెట్టాలి, కొమ్మును, మండను వేరు చేసి నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేర్చాలి. వరి కోసినట్లు నాలుగు రోజులలో ముగిసే పని కాదిది. ఇన్ని చేతులు అవసరమైన పంట పండే నేల నుండే, పనిచేయగలిగిన పురుషులు దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు తరలిపోతున్నారు. పసుపు తవ్వే వేళకు ఇంటి యజమాని దుబాయిలోనో, దోహాలోనో కట్టడపు పనిలో ఉంటాడు. పంట బరువు, పిల్లల చదువు, వృద్ధుల పోషణ ఇల్లాలి భుజాల మీద ఉంటాయి.

ఉత్తర తెలంగాణలో "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మాట వాడుకలో ఉంది. సింగరేణి గనులు, బొంబాయి భివండీ మగ్గాలు, ఆ తరువాత అరబ్బు దేశాలు – మూడు తరాల వలస చరిత్ర ఈ మూడు పదాలలో ఇమిడిపోయింది. 1973లో ముడిచమురు ధర ఒక్కసారిగా పెరగడంతో గల్ఫ్ రాజ్యాలకు అపారమైన సంపద సమకూరింది. రహదారులు, ఓడరేవులు, భవనాలు నిర్మించడానికి వారికి శ్రామికులు కావలసివచ్చారు. బొంబాయిలో అప్పటికే స్థిరపడిన తెలంగాణ కూలీలకు ఆ వార్త ముందుగా అందింది. ఒక ఊరి నుండి ఒకడు వెళ్ళాడు. వాడు తన తమ్ముని, బావమరిదిని, పొరుగువానిని పిలిపించుకున్నాడు. వలస ఎప్పుడూ ఈ రీతిగానే సాగుతుంది. నేటి నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిర్మల్ జిల్లాలలో గల్ఫ్ ముఖం చూడని ఊరు అరుదు.

పంట ఉండగా వలస ఎందుకని ప్రశ్నించేవారికి పసుపు ధరే సమాధానం. పెట్టుబడి ఏటా ఒకే తీరున పెరుగుతుంది. ధర మాత్రం ఒక ఏడు ఆకాశాన్నంటి, మరుసటి ఏడు నేలకు ఒరుగుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోరుతూ వారు ఎంచుకున్న నిరసన మార్గమది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమై, నిజామాబాదు దానికి కేంద్రస్థానమైంది. అయితే ధర పడిపోయిన ఏడు చేసిన అప్పు బోర్డు కొరకు వేచి ఉండదు. ఆ అప్పు తీర్చడానికే మరొక అప్పు చేసి వీసా కొనుక్కోవడం ఈ ప్రాంతంలో తరచుగా కనిపించే విషాదం.

వెళ్ళినవాడు ఒంటరిగానే ఎందుకు వెళ్తాడు? భార్యను వెంట తీసుకొనిపోవాలనే కోరిక లేక కాదు. గల్ఫ్ దేశాలలో విదేశీ శ్రామికుని నివాసం 'కఫాలా' అనే పద్ధతిపై ఆధారపడి పెరిగింది. అరబ్బీ భాషలో ఆ మాటకు పూచీ పడటమని అర్థం. పూచీ పడే యజమాని 'కఫీలు'. పనివాని నివాస అనుమతిపత్రాన్ని సౌదీలో 'అకామా' అంటారు. అది అతని ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే నివాసమూ పోతుంది. కొన్ని దేశాలు ఈ ముడిని ఇటీవల సడలించాయి. కతార్ 2020లో, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2021 మార్చి నుండి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమలుచేసింది. ఇవి చిన్న మార్పులు కావు. అయినప్పటికీ, భార్యాభర్తలు కలిసి ఉండే హక్కు విషయంలో కూలివానికి, అధికారికి మధ్య గల అంతరం తొలగలేదు.

ఆ అంతరానికి కొలబద్ద జీతం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నివసించే విదేశీ ఉద్యోగి తన కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హములైనా, సంస్థ ఇచ్చే వసతితోపాటు 3,000 దిర్హములైనా సంపాదించాలని 2019లో నిర్ణయించారు. అంతకుముందు ఉద్యోగి చేసే పనిని బట్టి అర్హతను నిర్ణయించేవారు కనుక ఇది కొంత మేలే. కాని ఈ అంకెను మరొక అంకె పక్కన పెట్టి చూడాలి. గల్ఫ్‌కు వెళ్ళే భారతీయ శ్రామికులకు ఇంతకంటె తక్కువ జీతం ఇవ్వరాదని మన విదేశాంగ శాఖ ఒక పరిమితిని సూచిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనా కాలపు ఉపాధి నష్టాన్ని దృష్టిలో పెట్టుకొని, ఎమిరేట్స్‌కు ఆ పరిమితిని 200 డాలర్లకు తగ్గించారు. అది సుమారు 735 దిర్హములు. కుటుంబాన్ని పిలిపించుకోవడానికి కావలసిన మొత్తంలో అయిదవ వంతు కూడ కాదు! తెలంగాణ హైకోర్టులో దీనిపై ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2021లో కేంద్రం ఆ తగ్గింపును ఉపసంహరించుకుంది. సౌదీ అరేబియా మరొక మార్గం అనుసరించింది. 2017 జూలై నుండి, ఉద్యోగిపై ఆధారపడిన ప్రతి వ్యక్తికి నెలకు 100 రియాళ్ల రుసుము విధించి, ఏటా 100 చొప్పున పెంచుతూ 2020 నాటికి 400 రియాళ్లకు చేర్చింది. ఆ లెక్కన భార్య, ఇద్దరు పిల్లలు వెంట ఉన్న ఉద్యోగి నెలకు 1,200 రియాళ్లు చెల్లించవలసి వచ్చింది. మధ్యతరగతి ఉద్యోగులే కుటుంబాలను స్వదేశానికి పంపివేశారు. ఇక కూలివాని మాట చెప్పనక్కరలేదు.

గల్ఫ్ నగరాలలో శ్రామికులు కలిసి నివసించే గదులను 'బ్యాచిలర్' వసతి అని పిలుస్తారు. ఇద్దరు బిడ్డల తండ్రి అయినా, ఇరవయ్యేళ్ల కాపురం చేసినవాడైనా అక్కడ బ్రహ్మచారే. వీసా కాగితం ఒక మనిషి గృహస్థాశ్రమాన్ని ఇంత సులభంగా తుడిచివేయగలదు.

మన అలంకారశాస్త్రంలో అష్టవిధ నాయికలను చెప్పారు. వారిలో భర్త కార్యార్థియై దూరదేశం వెళ్ళగా విరహంతో ఉన్న స్త్రీ 'ప్రోషితభర్తృక'. కాళిదాసు మేఘసందేశంలో యక్షునికి విధించిన శాపం ఒక సంవత్సరం. గల్ఫ్ కూలివాని ఒప్పందం సాధారణంగా రెండు సంవత్సరాలు; ఆ తరువాత ఒకటి రెండు నెలల 'చుట్టీ', మళ్ళీ రెండు సంవత్సరాలు. ఒకప్పుడు ఊరికి వచ్చేవారి చేత టేప్‌రికార్డరు కేసెట్లలో మాటలు నింపి పంపేవారు. నేడు చేతిలోని ఫోనులో ముఖం కనిపిస్తుంది. అయితే కావ్యనాయిక వలె మేఘాన్ని చూస్తూ కూర్చునే తీరిక ఆర్మూరు ఇల్లాలికి లేదు. మేఘం కనిపిస్తే కళ్ళంలోని పసుపు తడవకుండా కప్పాలి. పంట లేని నెలలలో బీడీలు చుట్టాలి. బ్యాంకులో పైకం తీసి వడ్డీ కట్టాలి. బిడ్డ పెండ్లి సంబంధం కుదుర్చుకోవాలి. అప్పులవాడు మొదట ఆమె గడపనే తొక్కుతాడు. వలస వెళ్ళినవాని కష్టాన్ని గురించి పాటలు పుట్టాయి, చలనచిత్రాలు వచ్చాయి. ఇంట మిగిలిన ఆమె నిర్వహణ సామర్థ్యాన్ని గురించి అంతగా ఎవరూ మాట్లాడలేదు.

ఆమె కూడ పనికి బయలుదేరి భర్తను చేరుకోరాదా అనే ప్రశ్న సహజం. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా 'ఈసీఆర్' వర్గంలోకి వస్తుంది. అట్టివారు గల్ఫ్ మొదలైన నిర్ణీత దేశాలకు ఉద్యోగం కొరకు వెళ్ళాలంటే వలస సంరక్షణాధికారి అనుమతి పొందాలి. ఈ వర్గానికి చెందిన స్త్రీ ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్పై ఏళ్లు నిండి ఉండాలి. మోసాల నుండి స్త్రీలను కాపాడటానికి చేసిన నియమమిది. దాని ఫలితంగా పాతికేళ్ల భార్యకు ఉద్యోగ మార్గం మూసుకుపోతుంది. కుటుంబ వీసా మార్గాన్ని భర్త జీతం మూసివేస్తుంది. కోస్తా గోదావరి మండలాల నుండి, కడప ప్రాంతం నుండి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీల విషయంలో కథ తలక్రిందులవుతుంది. అక్కడ భార్య పరదేశంలో, భర్త ఊరిలో.

సముద్రాలకు ఆవల ఉన్న ఇతర దేశాలలోనూ దాంపత్యానికి షరతులున్నాయి. హెచ్-1బీ వీసాపై అమెరికా వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి భార్యకు హెచ్-4 వీసా లభిస్తుంది. ఆమె భర్తతో కలిసి ఉండవచ్చు, కాని కొలువు చేయడానికి వీలులేదు. ఇంజనీరింగు పట్టా పొందిన ఎందరో తెలుగు యువతులు ఈ కారణంగా ఇంటికే పరిమితమయ్యారు. శాశ్వత నివాస ప్రక్రియలో భర్త నిర్ణీత దశను దాటితే భార్య పనిచేయడానికి 2015 మేలో అనుమతించారు. బ్రిటన్‌లో స్థిరపడిన వ్యక్తి విదేశీయురాలైన భార్యను లేదా విదేశీయుడైన భర్తను పిలిపించుకోవడానికి ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలనే నియమాన్ని 2024 ఏప్రిల్‌లో 29,000 పౌండ్లకు పెంచారు. జర్మనీ 2007 నుండి జీవిత భాగస్వామికి జర్మన్ భాషలో ప్రాథమిక పరిజ్ఞానం అవసరమన్నది. అధిక నైపుణ్యం గల ఉద్యోగుల భార్యలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అక్కడా చదువు, జీతం ఉన్నవారికే తలుపు తేలికగా తెరుచుకుంటుంది.

ఉద్యోగాన్వేషణలో జరిగే మోసానికి కూడ ఈ ఎడబాటుతో సంబంధం ఉంది. లైసెన్సు పొందిన ఏజెంటు వసూలు చేయదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఊళ్లలో తిరిగే దళారి దానికి ఎన్నో రెట్లు అడుగుతాడు. విజిట్ వీసా ఇచ్చి, అక్కడకు చేరిన తరువాత ఉద్యోగ వీసాగా మారుతుందని నమ్మబలుకుతాడు. అది మారనప్పుడు, లేదా జీతం ఇవ్వని యజమానిని విడిచి పారిపోయినప్పుడు, శ్రామికుడు 'ఖల్లివల్లి' అవుతాడు – అంటే పత్రాలు లేనివాడు. అతడు రెండేళ్లకు కూడ ఇంటికి రాలేడు. ఎమిరేట్స్ 2018లోనూ 2024లోనూ ప్రకటించిన వంటి క్షమాభిక్ష కొరకు ఎదురుచూడవలసిందే. ఏజెంటు లైసెన్సు నిజమైనదో కాదో ప్రభుత్వ 'ఈ-మైగ్రేట్' జాలస్థలిలో ఎవరైనా చూడవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ 'టామ్‌కామ్' కూడ విదేశీ ఉద్యోగాలకు అభ్యర్థులను ఎంపిక చేస్తుంది.

ఇక్కడ ఇంటర్మీడియట్ విద్యార్థులు గమనించవలసిన విషయమొకటి ఉంది. పదవ తరగతి దాటినవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అవసరం లేదు. ఇది సౌకర్యమే. కాని అనుమతి లేనిచోట తనిఖీ కూడ లేదు. ఈసీఆర్ వర్గం వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదమరణం సంభవిస్తే పది లక్షల రూపాయలు అందుతాయి. చదువుకున్న యువకునికి ఆ నిర్బంధం లేదు కనుక, అతని ఒప్పందపత్రాన్ని బయలుదేరే ముందు చదివే అధికారి ఎవరూ ఉండరు. అతడే చదువుకోవాలి. జీతమెంత, పని గంటలెన్ని, తిరుగు ప్రయాణపు టికెట్టు ఎవరిది, కుటుంబాన్ని పిలిపించుకొనే అవకాశం ఉందా లేదా అనేవి అందులో ఉంటాయి.

ఇంటివద్ద ఉండవలసిన కాగితం మరొకటి. ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడే, 2002లో, వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. అయినా పందిట్లో తాళి కట్టిన తరువాత కార్యాలయం మెట్లెక్కిన జంటలు పల్లెలలో తక్కువ. కుటుంబ వీసాకు వివాహ ధ్రువపత్రం కావాలి. దానిపై మన విదేశాంగ శాఖ ముద్ర, ఎమిరేట్స్ వంటి దేశాలకైతే ఆ దేశ రాయబార కార్యాలయపు ముద్ర కూడ ఉండాలి. అంతకంటె గట్టి అవసరం మరొకటి ఉంది. పరదేశంలో భర్త మరణిస్తే, దేహాన్ని స్వదేశానికి తరలించడానికి, అతనికి రావలసిన జీతపు బకాయిలు, నష్టపరిహారం పొందడానికి వారసురాలి సమ్మతిపత్రం, అధికారపత్రం పంపవలసి వస్తుంది. గల్ఫ్‌లో మరణించిన శ్రామికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం అందించాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఆ సహాయం కోరే ఇల్లాలు కూడ తాను అతని భార్యనని చూపవలసిందే. భర్త పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం నకళ్లు, పనిచేసే సంస్థ చిరునామా, తోటివాని ఫోను సంఖ్య – ఇవి వివాహ ధ్రువపత్రంతోపాటు ఇంటి పెట్టెలో ఉన్న కుటుంబానికి హైదరాబాదు కార్యాలయాల చుట్టూ తిరిగే రోజులు తగ్గుతాయి.