ఒడి ఆపలేని బరువు

రెండేళ్లు నిండని బిడ్డకు విమానంలో వేరుగా సీటు కొననక్కరలేదని, తల్లి లేదా తండ్రి ఒడిలో కూర్చోబెట్టుకుని ప్రయాణం చేయవచ్చని భారతదేశంతో సహా చాలా దేశాల విమానయాన నిబంధనలు అంగీకరిస్తున్నాయి. అదే బిడ్డ విమానం దిగి కారు ఎక్కితే, అమెరికాలోనూ ఐరోపా దేశాలలోనూ చట్టం ఒడిని ఒప్పుకోదు. బిడ్డ వయసుకూ బరువుకూ తగిన ప్రత్యేకమైన సీటులో పట్టీలు బిగించి కూర్చోబెట్టాలంటుంది. వాడుకలో కారు సీటు అని పిలిచే ఈ సాధనం గట్టి ప్లాస్టిక్ చట్రంతో తయారవుతుంది. భుజాల మీదుగా రెండు, నడుము పక్కల నుంచి రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి, మొత్తం అయిదు పట్టీలు బిడ్డ పొట్టకు దిగువన ఒకే బకిలులో కలుస్తాయి. కారులో తప్పనిసరి అయిన రక్షణ విమానంలో ఐచ్ఛికం కావడానికి కారణం భౌతికశాస్త్రంలో లేదు, టికెట్టు ధరలో ఉంది. ఆ సంగతి ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలోని తెలుగు కుటుంబాలకు ఎందుకు పట్టవలసినదో కొంత వివరంగా చూడవలసి ఉంటుంది.

తూర్పు తీరపు రైలు మార్గంలో వాల్తేరు దాకా ఉన్న ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనివారు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ లోకో షెడ్డుకూ తరలివచ్చారు. మథురాకాటి, నింపురా, మలంచ వంటి పేటలలో వారి తరువాతి తరాలవారు ఇప్పటికీ పెద్ద సంఖ్యలో ఉన్నారు. వీరి ప్రయాణ జ్ఞానమంతా రైలు నేర్పినది. కింది బెర్తుపై గోడవైపు బిడ్డను పడుకోబెట్టి తల్లి ఇవతలి అంచున ఒరగడం, కిటికీ పక్కన తాతయ్య ఒడిలో కూర్చోబెట్టడం అందరికీ అలవాటే, ఆ అలవాటులో తప్పు కూడా లేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడిన పిల్లలు తప్పటడుగుల వయసు బిడ్డతో కోల్‌కతా విమానాశ్రయంలో దిగి, అక్కడి నుంచి టాక్సీలో నూటికి పైగా కిలోమీటర్లు జాతీయ రహదారిపై ప్రయాణించి ఇంటికి వచ్చేటప్పుడు, రైలులో సరిపోయిన ఆ ఒడే విమానంలోనూ కారులోనూ సరిపోతుందని పెద్దలు నమ్మడంలో వస్తుంది.

కదులుతున్న వస్తువు తన వేగాన్ని తానుగా మార్చుకోలేదు, ఆ గుణాన్నే జడత్వం అంటారు. వాహనం వేగం తగ్గినప్పుడు లోపలి మనిషి పాత వేగంతోనే ముందుకు పోబోతాడు. అతణ్ణి ఆపడానికి కావలసిన బలం ప్రయాణ వేగంపైనే గాక, ఆ వేగం ఎంత తక్కువ దూరంలో హరించుకుపోయిందన్న దానిపై కూడా ఆధారపడుతుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైలు కిలోమీటరు దూరంలో ఆగిందనుకుంటే, పది కిలోల బిడ్డను ఒడిలో నిలుపుకోవడానికి తల్లి చేతులు భరించవలసిన అదనపు బలం అరకిలో బరువుకు మించదు. అదే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఎదుటి లారీని గుద్దుకుని, ముందుభాగం నలిగి, సుమారు అరవై సెంటీమీటర్లలో ఆగితే ఆ బలం బిడ్డ బరువుకు పదహారు రెట్లు అవుతుంది. అంటే నూట అరవై కిలోలు, యాభై కిలోల బియ్యం బస్తాలు మూడింటికి పైమాట. ఆ దెబ్బ సెకనులో పదోవంతు సమయంలో ముగిసిపోతుంది గనుక ఎంత బలమైన చేతులైనా, ఎంత ప్రేమ ఉన్నా, పట్టు నిలవదు. ఇప్పటి పెద్ద విమానాల సీట్లను పరీక్షించడానికి పెట్టుకున్న కొలత కూడా గురుత్వ త్వరణానికి పదహారు రెట్లే. భూమి తన వైపు వస్తువులను లాగే త్వరణాన్ని ఒక 'జీ'గా లెక్కిస్తారు, ఆ లెక్కన సీటూ దాని బెల్టూ 16 జీల తాకిడికి ఊడిపోకుండా నిలవాలి. పెద్దవారి సీటుకు ఇంత కట్టుదిట్టం చేసిన నిబంధన, ఆ పెద్దవారి ఒడిలోని బిడ్డను మాత్రం చేతులకు వదిలేసింది.

రైలుకు ప్రమాదాలు లేవని ఇక్కడ ఎవరికీ చెప్పనవసరం లేదు. 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే ఉన్న బహనగా బజార్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగివున్న గూడ్సు బండిని ఢీకొన్నప్పుడు 290 మందికి పైగా మరణించారు. అటువంటి తాకిడిలో ఒడి రైలులోనైనా చాలదు. అయితే రైలు రోజువారీ కుదుపులు, అత్యవసర బ్రేకులు సైతం మనిషి చేతుల శక్తికి లోబడే ఉంటాయి, విమానం విషయంలో ఆ మాట అనలేము.

విమానం కూలడం చాలా అరుదు, కనుక తల్లిదండ్రులు అసలు ఆలోచించవలసింది వాయు సంక్షోభం గురించి. వేర్వేరు వేగాలతో వీచే గాలి పొరల మధ్యలోనో, ఉరుముల మేఘాల చుట్టుపక్కలనో గాలి సుడులు తిరిగి విమానాన్ని పైకీ కిందికీ విసరడాన్ని టర్బులెన్స్ అంటారు. 2022 మే 1న ముంబయి నుంచి పశ్చిమ బెంగాల్‌లోని అండాల్ విమానాశ్రయానికి దిగుతున్న ఒక బోయింగ్ 737 విమానం తీవ్రమైన సంక్షోభంలో చిక్కుకున్నప్పుడు, లోపలివారిపై నిలువుగా పనిచేసిన బలం 2.64 జీల నుంచి మైనస్ 1.36 జీల దాకా మారిందని పౌర విమానయాన డైరెక్టరేట్ ప్రకటించింది. మైనస్ గుర్తుకు అర్థం, విమానం కిందికి పడిన వేగాన్ని శరీరం అందుకోలేక పైకప్పు వైపు లేచిందని. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో ఒడిలో ఉంచాలంటే పదమూడు కిలోలకు పైగా బలంతో కిందికి అదమాలి; మరుక్షణం అదే బిడ్డ ఇరవై ఆరు కిలోల బరువుతో ఒడి మీద పడుతుంది. ఆ ఘటనలో పలువురు గాయపడ్డారు. రెండేళ్ల తరువాత, 2024 మే 21న మయన్మార్ గగనతలంలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఇటువంటి మార్పు 0.6 సెకనులో జరిగిపోయింది, నిద్రలో ఉన్న తల్లి చేతులు బిగించడానికి ఆ వ్యవధి చాలదు.

పెద్దవారి బెల్టును బిడ్డకు కూడా చుడితే చాలదా అన్న ప్రశ్నకు సమాధానం పసి శరీర నిర్మాణంలో ఉంది. పెద్దవారిలో నడుము బెల్టు కటి ఎముకల పై అంచుకు ఆనుకుని నిలుస్తుంది. ఏడాది, రెండేళ్ల బిడ్డలో ఆ అంచులు ఇంకా రూపు దిద్దుకోవు గనుక బెల్టు జారి మెత్తని పొట్టలోకి దిగబడుతుంది. తల శరీరంతో పోలిస్తే పెద్దది, బరువైనది. దాన్ని మోసే మెడ వెన్నుపూసలు ఇంకా కొంత మృదులాస్థిగానే, అంటే గట్టిపడని ఎముకగానే ఉంటాయి. అందుకే చిన్న బిడ్డల కారు సీటును ప్రయాణ దిశకు వీపు పెట్టి, వెనుకవైపు తిప్పి బిగిస్తారు. తాకిడి బలమంతా మెడ ఒక్కదాని మీద పడకుండా వీపు, తల వెనుక భాగం అంతటా పరుచుకుంటుంది. విమానంలో ఒడిలోని బిడ్డకు ఇచ్చే చిన్న బెల్టు, తల్లి బెల్టులోంచి దూర్చి బిడ్డ పొట్ట చుట్టూ కట్టేది, టర్బులెన్స్‌లో బిడ్డ ఎగిరిపోకుండా ఆపగలదు. గట్టి తాకిడిలో మాత్రం ముందుకు వంగే తల్లి శరీరానికీ ఎదుటి సీటుకూ మధ్య బిడ్డే నలుగుతుందని అమెరికా దానిని టేకాఫ్, ల్యాండింగ్ సమయాలలో నిషేధించింది, ఐరోపా అనుమతించింది. మన విమానాలలో దాన్ని ఇస్తే తీసుకుని కట్టుకోవడమే మేలు, ఏమీ లేకపోవడం కన్నా నయం. తన బెల్టు లోపలే బిడ్డను కూడా కలిపి బిగించుకోవడం మాత్రం ఎన్నడూ చేయరాని పని.

బిడ్డకు వేరే సీటు తప్పనిసరి చేయాలన్న చర్చ ముదరడానికి కారణమైన దుర్ఘటన 1989 జులై 19న అమెరికాలోని సూసిటీలో జరిగింది. యునైటెడ్ 232 విమానం అత్యవసరంగా దిగే ముందు, ఒడిలో ఉన్న నలుగురు పసివారిని నేలపై పడుకోబెట్టి పట్టుకోమని, అప్పటి సూచనల ప్రకారం, ప్రధాన పరిచారిక జాన్ బ్రౌన్ తల్లిదండ్రులకు చెప్పవలసి వచ్చింది. విమానంలోని 296 మందిలో 112 మంది మరణించారు, వారిలో ఆ నలుగురిలో ఒక బిడ్డ ఉంది. బ్రౌన్ ఆ తరువాత ఏళ్ల తరబడి ప్రతి బిడ్డకూ సీటు ఉండాలని పోరాడింది. అమెరికా రవాణా భద్రతా మండలి 1990లో అదే సిఫారసు చేసింది. ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థ 2005లో దానిని తిరస్కరించింది. టికెట్టు కొనవలసి వస్తే కొన్ని కుటుంబాలు విమానం మాని కారులో బయలుదేరతాయి, రోడ్డు మీద పోయే ప్రాణాలు విమానంలో దక్కే ప్రాణాల కన్నా ఎక్కువవుతాయన్నది దాని వాదన. 2003లో థామస్ న్యూమన్ బృందం వేసిన అంచనా కూడా ఈ వాదనకు బలమిచ్చింది: నియమం పెట్టినా అమెరికాలో ఏడాదికి దక్కే ప్రాణాలు సగటున 0.4 మాత్రమే.

ఆ లెక్క అమెరికా అంతటికీ కలిపి వేసినది, అక్కడి రోడ్లను చూసి వేసినది. ఖరగ్‌పూర్‌కు దాన్ని అన్వయిస్తే ఫలితం తారుమారవుతుంది. ఇక్కడ విమానానికి ప్రత్యామ్నాయం కారు కాదు, రైలు. విశాఖపట్నం నుంచి వచ్చే కుటుంబం అదనపు టికెట్టు భారమనుకుని రైలెక్కితే స్టేషను ఇంటి ముంగిటే ఉంటుంది, రహదారి ప్రయాణమే తప్పిపోతుంది. విమానంలో వచ్చేవారికి మాత్రం కోలాఘాట్ వంతెన, డెబ్రా మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మిగిలే ఉంటుంది. మొత్తం ప్రయాణంలో బిడ్డకు అన్నింటికన్నా ప్రమాదకరమైన భాగం అదే. కాబట్టి కారు సీటును వెంట తెచ్చుకోవడానికి విమానం కన్నా ఈ రహదారే పెద్ద కారణం, ఎలాగూ తెచ్చిన సీటును విమానంలోనూ వాడుకోవడం తెలివైన పని. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194బి సెక్షను ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను సీటు బెల్టు గాని, పిల్లల రక్షణ సీటు గాని లేకుండా తీసుకువెళితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది, కానీ టాక్సీలో ఆ సీటును ఎవరూ సిద్ధంగా ఉంచరు.

సీటు ఎంపికలో ఒక సాంకేతిక భేదం తెలిసి ఉండాలి. కారులో భుజం మీదుగా వచ్చే మూడు బిందువుల బెల్టు, లేదా ఐసోఫిక్స్ అనే ఉక్కు కొక్కేలు కారు సీటును పట్టి ఉంచుతాయి. విమానంలో ఉండేది నడుము బెల్టు ఒక్కటే. అందువల్ల నడుము బెల్టుతో మాత్రమే బిగించగల సీటే విమానంలో పనికివస్తుంది, ఎత్తుపీట వంటి బూస్టరు సీట్లు పనికిరావు. అమెరికాలో అమ్మే సీట్లలో మోటారు వాహనాలకూ విమానాలకూ ధ్రువీకరించినదని ఎర్ర అక్షరాలలో ముద్రించి ఉంటుంది. ఆ వాక్యం లేని సీటును సిబ్బంది కాదనవచ్చు. బిడ్డకు టికెట్టు కొనాలి, సీటు వెడల్పు సుమారు 16 అంగుళాలకు లోపు ఉంటే విమానపు సీటులో సులువుగా ఇముడుతుంది, కిటికీ పక్కన పెడితే ఇతరుల దారికి అడ్డు రాదు. అత్యవసర ద్వారపు వరుసలో దాన్ని అనుమతించరు. భారతీయ సంస్థల నియమాలు ఒకదానికొకటి తేడా ఉంటాయి కనుక టికెట్టు తీసుకునేటప్పుడే సీటు కొలతలు చెప్పి అనుమతి పొందడం అవసరం. పది నుంచి ఇరవై కిలోల బిడ్డలకు విమానపు సీటు వీపుకు తగిలించే కేర్స్ అనే పట్టీల అమరికకు కూడా అమెరికాలో అనుమతి ఉంది; తేలికైనది, సంచిలో పడుతుంది, అయితే కారులో దానివల్ల ఉపయోగం లేదు, కనుక ఖరగ్‌పూర్ దారికి అది సగం పరిష్కారమే.

కారు సీటును సామానుతో కలిపి విమానపు అడుగు అరలోకి పంపితే, విసిరివేతల్లో కంటికి కనిపించని పగుళ్లు రావచ్చు. పగిలిన చట్రం తాకిడిలో విరిగిపోతుంది. కోల్‌కతాలో టాక్సీ ఎక్కేముందు వెనుక సీటు కవరు కింద బెల్టు, దాని బకిలు బయటికి వస్తున్నాయో లేదో చూడాలి. బెల్టు దొరకని బండిలో కారు సీటు ఉన్నా లేనట్టే. అటువంటప్పుడు విమానాశ్రయం నుంచి హౌరా దాకా పోయి, అక్కడి నుంచి ఖరగ్‌పూర్‌కు 115 కిలోమీటర్లూ లోకల్‌లోనో ఎక్స్‌ప్రెస్‌లోనో రావడం మేలు. ఆ రెండు మూడు గంటలూ కారు సీటును బెర్తు కిందికి నెట్టి, బిడ్డను ఒడిలోకి తీసుకోవచ్చు.